గట్టు దగ్గర ఆగిన చట్టం: మందు కలిపే చేతుల కథ

మన దేశంలో పురుగు మందుల చట్టం ఎందుకు వచ్చింది అని అడిగితే, చేలో మందు కొట్టేవాళ్ళ కోసం వచ్చి ఉంటుందిలే అనుకుంటాం. కాదు. ఆ చట్టానికి కారణం చేలో జరిగింది కాదు, ఓడలో జరిగింది.

1958 వేసవిలో కేరళలో గోధుమ పిండి వంటలు తిన్నవాళ్ళు ఉన్నట్టుండి వాంతులతో, చెమటలతో పడిపోయారు. వంద మందికి పైగా చనిపోయారు. కలరా కాదు, పాడైన పిండి కాదు. తీరా వెతికితే, బొంబాయి నుంచి కొచ్చికి వచ్చిన ఓడలో గోధుమ సరుకుతో పాటు ఫాలిడాల్ అనే పురుగు మందు కూడా వేసుకొచ్చారు. అది కారి తిండి సరుకులోకి ఇంకింది. ఫాలిడాల్ పేరు మన పెద్దవాళ్ళకు బాగా తెలుసు. దాని అసలు పేరు పారాథియాన్. దానికి చెల్లెలు లాంటి మిథైల్ పారాథియాన్ పొడిని మన ఊళ్ళల్లో గుడ్డ మూటలో కట్టి చేల మీద దులిపిన కాలం ఒకటి ఉండేది.

ఆ మరణాల మీద కేంద్ర ప్రభుత్వం జస్టిస్ జె.సి. షా కమిషన్ వేసింది. విషాన్ని, తిండిని ఒకే చోట పెట్టకూడదని, దేశం మొత్తానికీ ఒక చట్టం కావాలని అప్పటి నుంచి మాట నడిచింది. నడిచి నడిచి 1968లో పురుగు మందుల చట్టం అయింది. దాని నిబంధనలు 1971లో వచ్చాయి. చట్టం నిజంగా అమలులోకి వచ్చింది 1971 ఆగస్టు 1న. మనుషులు చనిపోయిన పదమూడేళ్ళకన్నమాట. ఈ లెక్క గుర్తు పెట్టుకుందాం, ఎందుకంటే ఈ కథలో ప్రతిసారీ ఇలాగే జరిగింది. ముందు చావులు, తర్వాత విచారణ, ఆ తర్వాత చాలా ఏళ్ళకు కాగితం.

చట్టంలో మంచి సంగతులు లేకపోలేదు. మందు డబ్బా మీద కనిపించే డైమండ్ ఆకారం ఈ నిబంధనల వల్లే వచ్చింది. దాని కింది సగం ఎరుపు ఉంటే అతి విషం. పుర్రె, రెండు ఎముకల బొమ్మ దానికే ఉంటుంది. పసుపు ఉంటే ఎక్కువ విషం. నీలం మధ్య రకం. ఆకుపచ్చ తక్కువ రకం. తక్కువ అన్నారు గాని అసలు విషం లేదని కాదు. ఆకుపచ్చ చూసి "ఇది ఏమీ కాదక్కా" అనేవాళ్ళు మనలోనూ ఉన్నారు. లేబులు మీద ఆ బొమ్మ కనీసం పదహారో వంతు జాగా పట్టాలని, రాత హిందీ, ఇంగ్లీషుతో పాటు అమ్మే ప్రాంతపు భాషలో కూడా ఉండాలని నిబంధన. తెలుగు ఉంటుంది, నిజమే. ఆ అక్షరాలు చదవాలంటే మాత్రం భూతద్దం కావాలి. చదువు రానివాళ్ళకు రంగు చూసైనా తెలియాలనే ఆ రంగులు పెట్టారు. ఆ సంగతి మాత్రం చదువు రానివాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

1971 నిబంధనల్లో పనివాళ్ళ కోసం ఒక అధ్యాయమే ఉంది. మందు తయారుచేసేవాళ్ళు, మోసేవాళ్ళు, అమ్మేవాళ్ళు, చల్లేవాళ్ళు అందరికీ సరిపోయే రక్షణ దుస్తులు ఉండాలని రాశారు. పైన వేసుకునే అంగీ, టోపీ, మోచేతి సగం దాకా వచ్చే రబ్బరు చేతి తొడుగులు, దుమ్ము ఆపే కళ్ళద్దాలు, బూట్లు. ఊపిరికి అడ్డు ముసుగు. ఫ్యాక్టరీ పనివాళ్ళకు మూడు నెలలకోసారి, మిగతా మందు పనివాళ్ళకు ఏడాదికోసారి డాక్టరు పరీక్ష. విరుగుడు మందులు దగ్గర ఉంచుకోవాలి, పనివాళ్ళకు శిక్షణ ఇవ్వాలి. చదివితే ముచ్చటేస్తుంది.

మరి ఇవేవీ మన చేలల్లో ఎందుకు కనిపించవు? రైతు పట్టించుకోడు, కూలీలకు తెలివి లేదు, అధికారులు రారు అని తలా ఒక మాట అంటారు. అన్నిటిలోనూ కొంత నిజం ఉంది. కానీ అసలు జవాబు చట్టంలోనే, చివరి పేజీల్లో ఉంది. 38వ సెక్షన్. తన ఇంటి అవసరానికో, పెరటి తోటకో, తాను సాగు చేసే భూమిలోనో ఎవరైనా పురుగు మందు వాడుకుంటే ఆ వాడకానికి ఈ చట్టం వర్తించదు అని అందులో రాసి ఉంది.

ఈ ఒక్క మాటను నిదానంగా ఆలోచించండి. మందు తయారైన ఫ్యాక్టరీలో చట్టం ఉంది. లారీలో ఉంది, గోదాములో ఉంది, దుకాణంలో ఉంది. రైతు ఆ డబ్బా సంచిలో వేసుకుని గట్టు దాటి తన చేలో దిగగానే చట్టం గట్టు మీదే ఆగిపోయింది. చిన్న రైతు మీదికి ఇన్‌స్పెక్టర్లు వచ్చి పడకూడదనే మంచి ఉద్దేశంతోనే అలా రాసి ఉండొచ్చు. రైతును కేసుల నుంచి కాపాడడం తప్పు కాదు. కానీ ఆ చేలో రైతు ఒక్కడే లేడు. కూలికి వచ్చిన మనం ఉన్నాం. మన గురించి ఆ సెక్షన్ రాసినవాళ్ళకు తోచలేదు.

మనం అక్కడ ఏం చేస్తున్నాం? "మా ఆయన కొడతడు, నేను కొట్టను" అని మన సభ్యులు చాలామంది అంటారు. పంపు వీపుకు తగిలించుకునేది ఎక్కువగా మగవాళ్ళే, నిజం. కానీ బిందెలతో, క్యానులతో నీళ్ళు మోసేది ఎవరు? డ్రమ్ములో మందు పోసి కట్టెతో తిప్పేది ఎవరు? ట్యాంకు ఖాళీ అయినప్పుడల్లా మగ్గుతో నింపేది ఎవరు? కట్టె దొరక్కపోతే చెయ్యి పెట్టి కలిపినవాళ్ళూ ఉన్నారు. కొట్టిన మర్నాడే అదే చేలో కలుపుకు వంగేది ఎవరు? సాయంత్రం ఆ అంగీ, లుంగీ ఉతికేది ఎవరు?

కలపడాన్ని చిన్న పనిగా చూడడం పెద్ద పొరపాటు. లెక్క చూద్దాం. మోనోక్రోటోఫాస్ 36 శాతం మందును పత్తికి లీటరు నీటికి 1.6 మిల్లీలీటర్ల చొప్పున కలపమనేవారు. అంటే పంపులోని నీళ్ళ కంటే డబ్బాలోని మందు 600 రెట్లకు పైగా చిక్కన. పంపు కొట్టే ఆయన మీద రోజంతా పడే తుంపర పలచటిది. మూత తిప్పేటప్పుడు మన వేళ్ళ మీద పడే నాలుగు చుక్కలు చిక్కటివి. ఇలాంటి మందు లోపలికి పోవడానికి నోరే అక్కర్లేదు. చర్మం నుంచి పోతుంది. చెమట పట్టిన చర్మం నుంచి, కలుపు తీసి గీరుకుపోయిన చర్మం నుంచి ఇంకా తొందరగా పోతుంది. ఒంట్లో నరం కండరానికి పంపే కబురును సమయానికి ఆపే ఒక పదార్థం ఉంటుంది, ఈ జాతి మందులు దాన్నే పట్టేస్తాయి. కబురు ఆగదు. అందుకే చెమట, చొల్లు, కళ్ళ నీళ్ళు ఆగవు. కంటిపాప చిన్నదైపోతుంది, చూపు మసకబారుతుంది, కండరాలు అదురుతాయి, చివరికి ఊపిరి అందదు. "ఎండ తగిలింది, మజ్జిగ తాగి పడుకో" అని మనం అనుకునేవాటిలో కొన్ని ఎండ దెబ్బలు కావు.

ఇది మన ఊహ కాదు. 2005లో వెలువడిన ఒక పరిశోధనలో మన దేశంలోని మూడు గ్రామాల్లో 50 మంది పత్తి రైతు మహిళలు ఒక పంట కాలమంతా తమ ఇంట్లో మందు పని జరిగిన ప్రతిసారీ తమకు, తమ ఇంటి మగవాళ్ళకు ఏమైందో రాయించారు. మొత్తం 323 సార్లు నమోదైంది. అందులో నూటికి 84 సార్లు విషం లక్షణాలు ఏదో ఒక మోతాదులో కనిపించాయి. మందు కొట్టని ఆడవాళ్ళు కూడా, కలపడం వల్ల, ట్యాంకులు నింపడం వల్ల, కొట్టిన మగవాళ్ళతో సమానంగా దాని బారిన పడ్డారని తేలింది. భూమి ఎక్కువ ఉన్నవాళ్ళ కంటే చిన్న సన్నకారు వాళ్ళకే దెబ్బ గట్టిగా తగిలింది. ఇంతకాలం ఈ సంగతి ఎవరికీ ఎందుకు తెలియలేదంటే, అంతకుముందు లెక్కలు వేసినవాళ్ళు "మందు ఎవరు కొట్టారు" అని అడిగారు. "ఎవరు కలిపారు" అని అడగలేదు.

చట్టం తర్వాత వచ్చిన పెద్ద దెబ్బ భోపాల్. 1984 డిసెంబరు 2 రాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు బయటికొచ్చి వేల మందిని చంపింది. ఆ ఫ్యాక్టరీ ఏం చేసేదో చాలామంది మరిచిపోయారు. అది పురుగు మందుల ఫ్యాక్టరీ. ఆ గ్యాసుతో తయారుచేసింది కార్బరిల్, దుకాణంలో సెవిన్ అనే పేరుతో అమ్మిన మందు. భోపాల్ తర్వాత ఫ్యాక్టరీల మీద నిబంధనలు బిగిశాయి. కార్బరిల్‌ను మాత్రం మన దేశంలో నిషేధించింది 2018లో.

ఇంతలో కేరళలోనే ఇంకో కథ నడిచింది. కాసరగోడ్ జిల్లాలో ప్రభుత్వ ప్లాంటేషన్ కార్పొరేషన్ జీడిమామిడి తోటల మీద 1970ల చివరి నుంచి హెలికాప్టర్‌తో ఎండోసల్ఫాన్ చల్లించింది. తోటల కిందే ఇళ్ళు, బావులు, వాగులు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఊళ్ళల్లో అవయవ లోపాలతో, బుద్ధి ఎదగని జబ్బులతో పుట్టిన పిల్లలు ఎక్కువయ్యారు. గాలి నుంచి చల్లేటప్పుడు ముందుగా ఊళ్ళకు చెప్పాలని, నీళ్ళు కాపాడాలని కాగితం మీద నిబంధనలు ఉన్నాయి. ఆ కాగితాన్ని కోర్టుకు తీసుకెళ్ళిన మనిషి లీలాకుమారి అమ్మ. ఆమె వ్యవసాయ శాఖలోనే చిన్న ఉద్యోగి. తన శాఖ వాళ్ళే మంచి మందు అంటున్న దాని మీద 1998లో హోస్‌దుర్గ్ మున్సిఫ్ కోర్టులో కేసు వేసింది. 2000లో గాలి పిచికారీ ఆపమని ఉత్తర్వు తెచ్చుకుంది. 2011 ఏప్రిల్‌లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద ప్రపంచ దేశాలు ఎండోసల్ఫాన్‌ను వదిలించుకోవాలని నిర్ణయించాయి. ఆ మే 13న సుప్రీంకోర్టు మన దేశమంతటా దాన్ని ఆపేసింది. మున్సిఫ్ కోర్టు అంటే మన తాలూకా కోర్టు లాంటిది. అంత చిన్న చోట మొదలైంది ఆ పోరాటం.

గట్టు లోపలి సంగతికి వద్దాం. చేలో కూలీకి రక్షణ నిబంధన ఎలా ఉండొచ్చో చూడాలంటే ఒకసారి చాలా దూరం, అమెరికాలోని కాలిఫోర్నియా ద్రాక్ష తోటలకు పోవాలి. అక్కడ తోట కూలీలు ఎక్కువమంది మెక్సికో, ఫిలిప్పీన్స్ మూలాల పేదవాళ్ళు. 1965 సెప్టెంబరులో డెలానో అనే ఊళ్ళో ముందు ఫిలిప్పీన్స్ కూలీలు, కొద్ది రోజులకే మెక్సికో కూలీలు పని మానేశారు. సీజర్ చావెజ్, లారీ ఇట్లియాంగ్, డొలోరెస్ హుయెర్టా వాళ్ళ నాయకులు. అయిదేళ్ళు పట్టింది. దేశమంతా జనం ద్రాక్ష కొనడం మానేస్తే తప్ప యజమానులు దిగిరాలేదు. 1970 జూలైలో ఒప్పందాలు రాసుకున్నారు. వాటిని కూర్చుని బేరమాడి రాయించింది హుయెర్టా, పిల్లల తల్లి.

కూలి రేటుతో పాటు ఆ ఒప్పందాల్లో ఒక షరతు పెట్టారు. డి.డి.టి. లాంటి కొన్ని మందులు ఆ తోటల్లో వాడకూడదు. అమెరికా ప్రభుత్వం డి.డి.టి.ని నిషేధించింది 1972లో. అంటే ప్రభుత్వం కంటే రెండేళ్ళ ముందే కూలీలు తమ ఒప్పంద కాగితంలో నిషేధించుకున్నారు. 1974లో అక్కడి ప్రభుత్వం చేలో పనివాళ్ళ కోసం నిబంధనలు తెచ్చింది. అందులో ముఖ్యమైనది, మందు కొట్టిన చేలోకి కూలీ మళ్ళీ ఎప్పుడు దిగొచ్చు అనే గడువు. కనీసం మందు ఆరేదాకా దిగకూడదు, కొన్ని ఘాటు మందులకు అయితే ఒకటి రెండు రోజులు. 1992లో దాన్ని పెంచి, చేలో బోర్డు పెట్టాలి, చేతులు కడగడానికి నీళ్ళు సబ్బు ఉండాలి, రక్షణ దుస్తులు యజమానే ఇవ్వాలి, వాటిని శుభ్రం చేయించే బాధ్యత కూడా యజమానిదే అన్నారు. 2015లో మళ్ళీ మార్చి, పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళు మందు ముట్టకూడదని, శిక్షణ ఏటా ఇవ్వాలని చేర్చారు. అక్కడ కూడా ఇవన్నీ సరిగ్గా అమలవుతాయని నేను అనను, వలస కూలీ కష్టం ఎక్కడైనా కష్టమే. కానీ "అంగీ ఎవరు ఉతకాలి" అనేది కూడా నిబంధనలో రాయాల్సిన విషయమేనని వాళ్ళు అనుకున్నారు.

మన దగ్గర గడువు అంటే వేరే గడువు తెలుసు. మందు కొట్టాక ఎన్ని రోజులకు కాయ కోయాలి అని. అది తినేవాళ్ళ కోసం. కోసేవాళ్ళు ఎన్ని రోజులకు చేలోకి దిగాలి అనే ముచ్చట మన ఊళ్ళల్లో కూలి మాట్లాడుకునేటప్పుడు రాదు. రేటు వస్తుంది, చాయ వస్తుంది, ఆటో కిరాయి వస్తుంది. "నిన్న మందు కొట్టారా" అనేది రాదు.

అయితే తెలుగు నేల మీద కూడా గట్టు లోపల మార్పు జరిగింది, అది మన సంఘాల చేతే జరిగింది. దాని వెనక పత్తి కథ ఉంది. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని తినేసింది. ఎంత కొడితే అంత పెరిగింది. పదేళ్ళ తర్వాత 1997, 98లో వరంగల్ జిల్లాలో పచ్చ పురుగు. వారానికి రెండుసార్లు కొట్టినా చావలేదు. మందు అప్పు, విత్తనం అప్పు, వడ్డీ కలిసి ఎన్ని ఇళ్ళు కూలిపోయాయో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. మందు అరువు ఇచ్చేది, వడ్డీ కట్టించుకునేది, పత్తి కొనేది చాలా ఊళ్ళల్లో ఒకే మనిషి. ఏ మందు కొట్టాలో చెప్పేదీ ఆయనే.

ఆ కాలంలోనే ఉమ్మడి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామంలో కొందరు రైతులు, ఒక స్వచ్ఛంద సంస్థ తోడు తీసుకుని, మందు లేకుండా పురుగును అదుపు చేయడం మొదలుపెట్టారు. వేసవి దుక్కి, వేప గింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలు, ఆముదం, బంతి లాంటి ఎర పంటలు. మొదట నవ్వినవాళ్ళు, ఖర్చు తగ్గి దిగుబడి నిలిచేసరికి తామూ చేరారు. ఊళ్ళోని మహిళా సంఘాలు దీన్ని గట్టిగా పట్టుకున్నాయి. ఇంట్లో అప్పు ఎంతో, ఆసుపత్రి ఖర్చు ఎంతో ఎవరికి తెలుసు? 2004 నాటికి పునుకుల పురుగు మందులు లేని గ్రామంగా పేరు తెచ్చుకుంది. ఆ తర్వాత అప్పటి వరంగల్ జిల్లాలోని ఏనబావి కూడా అదే దారి పట్టింది.

దాన్ని చూసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సెర్ప్ సంస్థ 2004, 2005 నుంచి ఇదే పనిని మహిళా సమాఖ్యల ద్వారా జిల్లాలకు తీసుకుపోయింది. ఇందిరా క్రాంతి పథం రోజుల్లో గ్రామ సంఘాల్లో పనిచేసినవాళ్ళకు ఎన్.పి.ఎం. అనే మాట గుర్తుండే ఉంటుంది. కషాయాల దుకాణాలు పెట్టింది సంఘాలే, చేను చేను తిరిగి చూపించింది సంఘాల తరఫు మనుషులే. నాలుగైదేళ్ళలో మూడు లక్షల మందికి పైగా రైతులు, పదమూడు లక్షల ఎకరాలకు పైగా భూమి ఇందులోకి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయానికి వెన్నెముక కూడా మహిళా సంఘాలే.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. కషాయం దంచడం, కాచడం, వడపోయడం కూడా మన మీదే పడింది. పావు లీటరు డబ్బా కొనుక్కొస్తే అయిపోయే పనికి రెండు రోజుల చాకిరీ. అందుకే చాలాచోట్ల ఉత్సాహం తగ్గాక మళ్ళీ డబ్బాలు వచ్చాయి. కషాయం చేసే దుకాణం నడిచిన ఊళ్ళల్లో పద్ధతి నిలిచింది, ఎవరికి వాళ్ళే ఇంట్లో చేసుకోవాలన్న చోట నిలవలేదని నా అభిప్రాయం. పని తగ్గించకుండా విషం తగ్గించమంటే ఎవరు మాత్రం ఎన్నాళ్ళు చేస్తారు?

2017 వానాకాలంలో మన ఆదిలాబాద్‌కు పెన్‌గంగ అవతల ఉన్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో జరిగింది మరవకూడదు. పత్తి మనిషెత్తు పెరిగింది. ఉక్కపోత. రెండు మూడు మందులు కలిపి, బ్యాటరీ పంపులతో, తల పైకి వచ్చిన చెట్ల మధ్య కొట్టారు. తుంపర ముఖం మీదే పడింది. 20 మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు, కొందరికి కొన్నాళ్ళు చూపు పోయింది. వాళ్ళలో సొంత చేను లేని కూలీలు చాలామంది. విచారణ వేశారు. అయిదు రకాల మందుల అమ్మకాన్ని యవత్మాల్, దాని పక్క జిల్లాల్లో 60 రోజులు ఆపారు. ఎందుకు 60 రోజులే అంటే, చట్టంలోని 27వ సెక్షన్ రాష్ట్రానికి ఇచ్చిన అధికారం అంతే. ఆ తర్వాత ఇంకో 30 రోజులు పొడిగించుకోవచ్చు. మొత్తంగా ఆపడం కేంద్రం చేతిలో ఉంది.

అప్పుడు వచ్చిన మాటల్లో ఒకటి ఇప్పటికీ మనసుకు గుచ్చుకుంటుంది. కూలీలు రక్షణ దుస్తులు వేసుకోలేదు, అజాగ్రత్త అని. సెప్టెంబరు ఉక్కలో మెడ దాకా ప్లాస్టిక్ అంగీ, రబ్బరు తొడుగులు, ముసుగు వేసుకుని పన్నెండు పదిహేను లీటర్ల పంపు వీపున మోస్తూ ఎకరం కొట్టి చూస్తే అన్నవాళ్ళకు తెలుస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పురుగు మందుల మీద 1985లో ఒక ప్రవర్తనా నియమావళి తెచ్చి, తర్వాత దాన్ని సవరిస్తూ వచ్చింది. అందులో ఏమంటుందంటే, వేసుకుంటే ఇబ్బందిగా ఉండే, ఖరీదైన, తేలిగ్గా దొరకని రక్షణ సామాను కావాల్సిన మందులను, ముఖ్యంగా వేడి దేశాల్లోని చిన్న రైతుల దగ్గర, వాడకుండా ఉండడమే మంచిది. అంటే తొడుగు లేకుండా ముట్టరాని మందు, తొడుగు వేసుకోలేని దేశంలో అమ్మకూడదు. తప్పు కూలీది కాదని అంతకంటే తేటగా ఎవరు చెప్పాలి?

ఆ దిశలో కొంత జరిగింది. 2018 ఆగస్టులో కేంద్రం 18 మందుల మీద నిషేధం ఉత్తర్వు ఇచ్చింది. మిథైల్ పారాథియాన్, కార్బరిల్ అప్పుడే పోయాయి. ఫోరేట్ గుళికలు, ట్రైజోఫాస్, డైక్లోర్‌వాస్ లాంటి వాటికి 2020 డిసెంబరు 31 దాకా గడువిచ్చారు. మోనోక్రోటోఫాస్ వాడకం కూరగాయల మీద 2005లోనే వద్దన్నారు. 2013 జూలైలో బీహార్ సారణ్ జిల్లా బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయినప్పుడు వంట నూనెలో తేలింది ఈ మందే. మధ్యాహ్న భోజనం వండే మన సభ్యులకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాం, మందు డబ్బా ఎన్నిసార్లు కడిగినా మందు డబ్బాయే. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రవాన్ని ఆపే ఉత్తర్వు 2023లో, కొంత గడువుతో వచ్చింది. పాత సరుకు ఇంట్లో అటక మీద ఉంటే దానికి ఉత్తర్వు సంగతి తెలియదు కదా, కాబట్టి చూసుకోండి.

ఎవరికైనా మందు తగిలితే బట్టలు వెంటనే విప్పించి, ఒళ్ళు, జుట్టు సబ్బుతో కడగాలి. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. డబ్బా వెంట తీసుకుపోవాలి. విరుగుడు ఏమిటో దాని లేబులు మీదే రాసి ఉంటుంది, డాక్టరుకు అది కావాలి.

ఇక చట్టంలో మనకు పనికొచ్చే ఇంకో సెక్షన్ ఉంది, 26వది. పురుగు మందు వాడుతూ విషం సోకిన ప్రతి సంఘటననూ ఫలానా అధికారికి తెలపాలని రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వొచ్చు. 'ఇవ్వొచ్చు' అని ఉంది, 'ఇవ్వాలి' అని లేదు. ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళే లెక్కలోకి వస్తారు. వాంతి చేసుకుని వేప చెట్టు కింద పడుకుని, సాయంత్రం లేచి ఇంటికొచ్చి వంట చేసిన మనిషి ఏ లెక్కలోనూ లేదు.

అందుకే ఈ ఏడాది మహాసభ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాం. ప్రతి గ్రామ సంఘంలో పొదుపు పుస్తకాల పక్కన ఒక నోటుబుక్కు. నెల సమావేశంలో అప్పుల వసూలు అయ్యాక పది నిమిషాలు. బుక్ కీపర్ అడుగుతుంది, సభ్యులు చెబుతారు. నిలువు గీతలు ఎనిమిది: తేదీ. ఎవరు. సొంత చేనా, కూలికా. ఏ మందు. డబ్బా మీద ఏ రంగు. కొట్టి ఎన్ని రోజులైంది. ఒంట్లో ఏమైంది. ఎనిమిదోది, ఎవరు కలిపారు.